ఎదుగు వయస్సు, తెల్లని అన్నము

మనుష్యదేహము తన జీవితకాలమంతటిలో రెండే రెండు పర్యాయములు మహావేగముతో ఎదుగును. మొదటిది తల్లియొడిలో గడచు తొలి సంవత్సరము. ఆ కాలమందు ఇంటిల్లిపాదియు బిడ్డ త్రాగిన పాలను గూర్చియు, పెరిగిన బరువును గూర్చియు నిత్యము విచారించుచుందురు. రెండవది పది పదకొండేండ్ల ప్రాయమున ఆరంభమై పందొమ్మిదవ యేటివరకు సాగునట్టి కాలము. ఆ కాలమందు అదే ఇంటిల్లిపాదియు మార్కులను గూర్చియు, కళాశాల ప్రవేశములను గూర్చియు ఆలోచనలో మునిగియుండి, పిల్లలు కడుపునిండ తినిరా లేదా అను ఒక్క ప్రశ్నతో ఆహారప్రసంగమును ముగింతురు. ఆకలి తీరుటకును దేహము పోషింపబడుటకును నడుమ ఎంత దూరమున్నదో, అందునను వరియన్నమే సర్వస్వమైన మన తెలుగిండ్లలో ఆ దూరము యౌవనమందే యేల అధికముగ బాధించునో విచారించుట అవసరము.

బియ్యపు తెలుపునకును రోగమునకును సంబంధమున్నదని లోకమునకు మొదట తెలిపినవి జావా ద్వీపమందలి కోళ్లు. పందొమ్మిదవ శతాబ్ది చివర అచ్చట బెరిబెరి వ్యాధిని పరిశోధించుచుండిన డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్, తెల్లగ మరపట్టిన బియ్యపుటన్నము తినిన కోళ్లు కాళ్లు చచ్చుబడి కూలుటయు, తవుడు చేర్చి పెట్టినపుడు అవి తేరుకొనుటయు కనిపెట్టెను. తవుడులోని ఆ ప్రాణాధారవస్తువే తరువాతి కాలమున థయమిన్ అని, బి-1 విటమిన్ అని పేరొందెను. మన దేశమున ఈ పరిశోధనకు 1918లో నీలగిరులందలి కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు ఒకే ఒక గదిలో నెలకొల్పిన ప్రయోగశాల జన్మస్థానమయ్యెను. వరియన్నము తినువారు దక్షిణదేశమంతటను ఉండగా, బెరిబెరి మాత్రము ఉత్తర సర్కారులలో, అనగా మన కోస్తా జిల్లాలలో, పాతుకొనియుండుట ఆనాటి పరిశోధకులను ఆలోచింపజేసెను.

కారణము బియ్యమును సిద్ధపరచు పద్ధతిలోనే దొరకినది. తమిళ, మలయాళ దేశములందు ఎక్కువమంది ఉప్పుడు బియ్యము తినుచుండిరి. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టునపుడు పైపొరలలోని థయమిన్ గింజలోనికి ఇంకును గనుక, పిమ్మట ఆ వడ్లను మరపట్టినను అది చాలవరకు నిలిచియుండును. మన జిల్లాలలోనో, పచ్చివడ్లనే మరపట్టి తవుడంతయు పోగొట్టి, మిగిలిన బియ్యమును తెల్లనినీరు తేరువరకు పలుమార్లు కడిగి, వండిన పిదప గంజి వార్చి, శేషించిన కొద్దిపాటి సారమును కూడ నీటిపాలు చేయుచుండిరి. రోకటితో దంపిన బియ్యమున తవుడు కొంతయైనను అంటియుండెడిది. మర ఆ కొంతను కూడ తీసివేసినది. కూనూరులోని ఆ ప్రయోగశాలయే క్రమముగ పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ యను పేర వెలయుచున్నది. తెలుగువారి అన్నమును గూర్చిన ప్రశ్నతో బయలుదేరిన విజ్ఞానము తెలుగునేలకే చేరుట నాకు మిక్కిలి సమంజసముగ తోచును.

నేడు బెరిబెరి మన ఊళ్లలో అరుదు. అయినను ఆ రోగమునకు చోటిచ్చిన భోజనక్రమము పూర్తిగ మారలేదు. అన్నములోని పిండిపదార్థము చక్కెరగ మారి, ఆ చక్కెర దేహమందు దహింపబడి శక్తినిచ్చుటకు జరుగు రసాయనక్రియలలో ముఖ్యమైనదొకటి థయమిన్ లేనిదే సాగదు. కనుక అన్నము ఎంత అధికముగ తిందుమో, అన్నముతోబాటు రావలసిన ఆ చిన్నవస్తువుల అవసరమును అంత పెంచుకొందుము. మన దేశజనుల ఆహారశక్తిలో సగము మొదలు డెబ్బది శాతము వరకు ధాన్యములనుండియే లభించుచున్నదనియు, అది నలువది అయిదు శాతమునకు మించకుండుట మేలనియు జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకములందు చెప్పినది. అన్నము విషమని దీని అర్థము కాదు. అన్నము పళ్లెమంతయు ఆక్రమించినపుడు తక్కినవాటికి చోటు చాలదనుటయే ఇందలి తాత్పర్యము.

ఆ తక్కినవాటిలో మాంసకృత్తులు మొదటివి. పదమూడు పదునైదేండ్ల నడుమ పిల్లలకు దినమునకు సుమారు 45 గ్రాముల మాంసకృత్తులు కావలెను. వరిలో కొంత మాంసకృత్తి ఉన్నను దానియందు లైసిన్ అను అమైనో ఆమ్లము తక్కువ. కందిపప్పు, పెసరపప్పులలో లైసిన్ సమృద్ధిగ నుండి మిథయొనిన్ తక్కువ. ఈ రెండింటిని కలిపి తినినపుడు ఒకదాని కొరతను మరియొకటి పూరించును. పప్పన్నము మన పెద్దల అనుభవము మనకొసగిన ఉత్తమాహారమనుటలో అతిశయోక్తి లేదు. కాని ఆ పప్పు పప్పుగ ఉండవలెను. వసతిగృహములలో నూరుమందికి వండిన పప్పు రెండవ వరుస కూర్చుండునప్పటికి నీటితో పలుచబడి, గరిటెతో పోసినపుడు పళ్లెమున అటునిటు పారునట్టి స్థితిని నేను పలుచోట్ల చూచితిని. ఆ పిల్లలకు పప్పు వడ్డించితిమని లెక్కలో వ్రాసికొనవచ్చును గాని, ఆ దినమున వారి కండరములకు చేరినది బహుస్వల్పము.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. వరికి బదులు జొన్నయో, మరియొక చిరుధాన్యమో పట్టినంతమాత్రమున సమస్య తీరునని ఇటీవల ఒక విశ్వాసము వ్యాపించుచున్నది. తెలంగాణమందు జొన్నసంకటి, జొన్నరొట్టెలే ఆధారముగ జీవించిన నిరుపేదలలో పెల్లాగ్రా అను వ్యాధి, చర్మము నల్లబడి పగులుట, విరేచనములు, మతిచలనము లక్షణములుగ, చిరకాలము కనబడుచుండెను. నియాసిన్ అను విటమిన్ చాలకపోవుటచే కలుగు ఈ వ్యాధిని హైదరాబాదులో పరిశీలించిన సి. గోపాలన్‌గారు, జొన్నలోని లూసిన్ ఆధిక్యము దానికి ఒక హేతువు కావచ్చునని 1960లో ప్రతిపాదించిరి. ఆ ప్రతిపాదనపై శాస్త్రజ్ఞులలో వాదోపవాదములు జరిగినవి గాని, ఒకే ధాన్యముతో బ్రదుకు ఈడ్చువాని దేహము ఎక్కడనో ఒకచోట లోపమునకు లోనగుననుటలో వివాదము లేదు. జొన్న మంచిది, రాగి మంచిది, వరియు మంచిదే. ఏకాకిగ ఏదియు చాలదు.

ఇక ఎముకల సంగతి. నా దృష్టిలో యౌవనాహారమునకు సంబంధించి మనము మిక్కిలి ఉపేక్షించిన విషయమిదియే. పెరిగిన మనుష్యుని దేహమున సుమారు ఒక కిలోగ్రాము కాల్షియముండును. అందులో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు ఎముకలలోను, పండ్లలోను ఉండును. జీవితమందలి గరిష్ఠ అస్థిసంపదలో ఇంచుమించు తొంబది శాతము పదునెనిమిది, ఇరువది ఏండ్ల లోపలనే సమకూరును. అందునను బాలికలకు పండ్రెండు పదమూడేండ్లకు, బాలురకు పదునాలుగేండ్లకు ఇటునటుగ వచ్చు అత్యంతవేగపు పెరుగుదల కాలమున, అంతయు కలిసి రెండేండ్ల వ్యవధిలో, ఆ సంపదయందు సుమారు నాలుగవ వంతు చేరుచున్నదని దీర్ఘకాల పరిశీలనలు తేల్చినవి. గాదె నింపుకొనుటకు కోతల కాలము ఎట్లో ఎముకలకు ఆ వయస్సు అట్టిది: తరువాతి నలుబది, ఏబదేండ్లు అందుండి తీసికొనుటయే గాని, ఆ స్థాయిలో మరల చేర్చుట యుండదు.

ఈ నిల్వ తరుగుదలకు మనకు వెంటనే తెలియు లక్షణమేదియు లేదు. రక్తమందు కాల్షియము ఒక నిర్ణీతప్రమాణమున ఉండనిచో గుండె, నరములు, కండరములు సక్రమముగ పనిచేయజాలవు. అందుచేత ఆహారమున కాల్షియము తగ్గినపుడు కంఠమందలి పారాథైరాయిడ్ గ్రంథులు తమ హార్మోనును విడిచి, ఎముకనుండి కాల్షియమును కరగించి రక్తమునకు సరఫరా చేయించును. పరీక్ష చేయించిన రక్తమున కాల్షియము సరిగానే యుండును. లోపము ఎముకలో దాగియుండును. ఏబదేండ్లు దాటిన పిదప, ముఖ్యముగ స్త్రీలకు ఋతుక్రమము నిలిచిన తరువాత, చిన్న జారుపాటుకే తుంటియెముక విరిగినపుడు మనము వార్ధక్యమును నిందింతుము. ఆ విరుగుటకు బీజము పదునాలుగవ యేట పడియుండవచ్చును.

పదమూడు మొదలు పదునెనిమిదేండ్ల వారికి దినమునకు వేయి మిల్లీగ్రాములకు తగ్గకుండ కాల్షియము కావలెనని జాతీయ పోషకాహార సంస్థ నిర్ణయించినది. నూరు గ్రాముల తెల్లబియ్యమున పది మిల్లీగ్రాములైనను ఉండుట అరుదు. అదే తూకపు రాగులలో మూడువందల ఏబదికి చేరువగ నుండును. నూరు మిల్లీలీటర్ల పాలలో నూటయిరువది వరకు లభించును. పెరుగు, మజ్జిగ, నువ్వులు, మునగాకు, ముల్లుతోసహా నమిలి తినదగిన చిరుచేపలు, ఇవన్నియు మన పల్లెలకు పరాయివి కావు. రాయలసీమలో రాగిసంకటి తినిన ఇంటి బిడ్డలు పట్టణమునకు చదువులకై వచ్చి, దానిని మోటుతిండిగ తలచి విడుచుట నాకు నిజముగ దుఃఖమును కలిగించును. ప్రేగులు కాల్షియమును గ్రహించుటకు విటమిన్ డి సహాయము కావలెను. దానిని ఎండ తగిలిన చర్మము తయారుచేయును. ఏడాది పొడవున ఎండ కాయు తిరుపతి ప్రాంతమందు సైతము విటమిన్ డి లోపము విరివిగ నున్నట్లు పరిశోధనలు చూపినవి. ఉదయము అయిదు గంటలకు గదిలో ప్రవేశించి రాత్రి పది గంటలకు వెలికివచ్చు ఇంటర్మీడియట్ విద్యార్థికి ఎండ యెట్లు తగులును?

రక్తమును గూర్చి మరికొంత విస్తరముగ చెప్పవలసియున్నది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశమందు పదునైదు పందొమ్మిదేండ్ల నడుమ నున్న బాలికలలో నూటికి 59 మందికి, బాలురలో నూటికి 31 మందికి రక్తహీనత కలదు. ఈ వయస్సున దేహము పెద్దదగుటతో రక్తపరిమాణము పెరుగును, కండరములు పెరుగును. రెండింటికిని ఇనుము కావలెను. బాలికలకు నెలనెల జరుగు రక్తస్రావము ఆ అవసరమును మరింత పెంచును. అందుచేతనే పదునారు పదునెనిమిదేండ్ల బాలికకు దినమునకు 32 మిల్లీగ్రాముల ఇనుము విధింపగా, అదే వయస్సు బాలునకు 26 చాలునన్నారు. ఇందుకు విపరీతముగ, మన ఇండ్లలో పెక్కింట ముందు తినువారు మగవారు. గుడ్డు, చేప, మాంసము పంచునపుడు పెద్దభాగము వారిది. ఆడపిల్ల తల్లితోబాటు చివర కూర్చుండి, గిన్నెలో మిగిలినదానితో సరిపెట్టుకొనును. ఎవరికి అధికముగ అవసరమో వారికి అత్యల్పముగ లభించు ఈ ఆచారమును ఎంత ప్రాచీనమైనను సమర్థింపజాలము. రక్తము తక్కువైన బాలిక మెట్లెక్కునపుడు ఆయాసపడును, పాఠము వినుచు కునుకును, చదివినది నిలువక బాధపడును. ఇంట, బడిలో ఆమెకు సోమరియను పేరు వచ్చును.

ఇనుము తినుట ఒకటి, అది ఒంటబట్టుట మరియొకటి. మాంసము, చేపలందలి ఇనుము సులభముగ గ్రహింపబడును. ధాన్యములు, పప్పులు, ఆకుకూరలలోని ఇనుములో పదింట ఒక వంతైనను రక్తమున చేరుట కష్టము; గింజలలోని ఫైటిక్ ఆమ్లము దానిని బంధించును, భోజనమైన వెంటనే త్రాగిన టీ లోని టానిన్లు మరింత అడ్డుపడును. దీనికి ప్రతిక్రియ కూడ మన వంటలలోనే యున్నది. మొలకెత్తించుట, పిండి పులియబెట్టుట ఫైటిక్ ఆమ్లమును తగ్గించును. విటమిన్ సి అదే భోజనమందున్నచో ఇనుము గ్రహణము ఎన్నోరెట్లు హెచ్చును. ఒక మోస్తరు జామకాయలో దినమునకు చాలునంత విటమిన్ సి లభించును, ఉసిరికాయలో మరింత విశేషముగ నుండును. వేడికి ఈ విటమిన్ నశించును గనుక నిమ్మరసమును పొయ్యి దింపిన తరువాత పిండుట యుక్తము. కడుపులో నులిపురుగులున్న పిల్లలకు ఎంత తినిపించినను ఫలము తగ్గును. బడులలో వారమువారము ఇచ్చు ఇనుము మాత్రను, ఏటా ఇచ్చు నులిపురుగుల మందును అశ్రద్ధ చేయరాదు.

రక్తోత్పత్తికి ఇనుముతోబాటు కావలసిన ఫోలిక్ ఆమ్లమును గూర్చి చెప్పునపుడు తెలుగువాడు స్మరింపక తప్పని పేరొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అను జీర్ణవ్యాధికి సోదరులిద్దరిని కోల్పోయి, తామును దానికే లోనై, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రదికిరి. అనంతరము అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల యందు ఆయన నాయకత్వమున జరిగిన కృషివలన 1940ల మధ్యభాగమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగ తయారై, స్ప్రూ వలన కలుగు రక్తహీనతకు ఔషధమయ్యెను. ఆ ఆమ్లము తోటకూరలో, పాలకూరలో, పెసలలో, శనగలలో సహజముగ కలదు. అతిగ ఉడికించి నీరు పారబోసినచో పోవును. శాకాహారులు మరియొక విషయము గమనింపవలెను: బి-12 విటమిన్ జంతుసంబంధమైన ఆహారముననే లభించును గనుక, వారింట పాలు, పెరుగు పిల్లలకు తప్పనిసరి.

ఇప్పటి యువజనులకు ఆహారము లభింపకపోవుట కన్న, లభించిన ధనమును అయోగ్యమైనదానిపై వ్యయపరచుట పెద్ద సమస్యగ పరిణమించుచున్నది. ఉదయము ఏమియు తినక తరగతికి పోయి, పదకొండు గంటలకు చిప్సు పొట్లముతోను తీపి శీతలపానీయముతోను ఆకలి చంపుకొనువారికి ఉప్పు, నూనె, చక్కెర పుష్కలముగ చేరును. పైన చెప్పిన వస్తువులలో ఒక్కటియు చేరదు. లావెక్కుదుమను భయమున పూట మానుకొను బాలికలకు కూడ ఇదే గతి. ఊబకాయమును రక్తహీనతయు ఒకే దేహమున కలిసియుండుటకు ఏ ప్రతిబంధకమును లేదు. వైద్యులు నేడు ఈ రెండింటిని ఒకే విద్యార్థియందు చూచుచున్నారు.

బడిపిల్లలకు మధ్యాహ్న భోజనము చిరకాలముగ నున్నను, పదవతరగతి దాటిన వెంటనే, సరిగ్గ ఎముకయు రక్తమును ఇంకను పెరుగుచున్న సమయమున, ఆ ఆధారము తప్పిపోవుచుండెను. ఆంధ్రప్రదేశమున డొక్కా సీతమ్మగారి పేర నడచు పథకము 2025 జనవరి నుండి ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు విస్తరించుట ఈ కారణముచేత విజ్ఞానసమ్మతమైన చర్య. ప్రైవేటు వసతిగృహములలో నుండు విద్యార్థుల తల్లిదండ్రులు రుసుము చెల్లించునాడు వారపు వంటల పట్టికను అడిగి చూడవలెను: పప్పు చిక్కగ నుండునా, వారమున ఎన్ని దినములు ఆకుకూర, ఎన్ని గుడ్లు, మజ్జిగ యేపాటి, ఉదయమున రాగిజావయైనను కలదా, మధ్యాహ్న భోజనమునకు నిమ్మచెక్కయో జామముక్కయో చేరునా, టీ ఏ వేళకు ఇత్తురు. వంటవారికి చెప్పి గంజి వార్పు మాన్పించుటకును, బియ్యము కడుగు నీళ్లను తగ్గించుటకును, టీని భోజనమునకు ఒక గంట యెడముగ జరుపుటకును పైసా ఖర్చు లేదు. పప్పునకును, గుడ్డునకును, పాలకును ఖర్చగును. రుసుములో ఆ భాగము ఎంతయో అడుగు హక్కు తల్లిదండ్రులకున్నది.