కవరు రాలేదని ధర్నా

2021 అక్టోబరులో హుజూరాబాద్ ఉపఎన్నిక పోలింగుకు ముందు కొన్ని ఊళ్లలో ఓటర్లు రోడ్డెక్కారు. తాగునీళ్ల కోసమో, రోడ్డు కోసమో కాదు. పక్కింటికి వచ్చిన డబ్బుల కవరు తమ ఇంటికి రాలేదని. ఓటుకు డబ్బు ఇవ్వడమూ పుచ్చుకోవడమూ రెండూ చట్టం దృష్టిలో లంచమే. అప్పటి శిక్షాస్మృతిలో అంతే, ఇప్పటి భారతీయ న్యాయసంహితలోనూ అంతే. అలాంటిది, అందులో తమ వాటా ఏదని పట్టపగలు నిలదీశారంటే, చాటుగా తీసుకోవాల్సిన సొమ్ము హక్కుగా అడిగే సొమ్మయిందన్నమాట. జనానికి నీతి లేదని తిట్టి ఊరుకోవడం తేలికే కానీ, దానివల్ల ఏమీ అర్థం కాదు. ఒక పనికి ధర కట్టగానే ఆ పని మరొకటిగా ఎలా మారిపోతుందో చూడాలి.

ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పిల్లల సంరక్షణ కేంద్రాల మీద ఉరి గ్నీజీ, ఆల్డో రుస్టికీని చేసిన పరిశీలన 2000లో అచ్చయింది. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు కొన్ని కేంద్రాలు జరిమానా వేశాయి. ఆలస్యాలు తగ్గాలి కదా, పెరిగాయి. అంతకుముందు టీచరును కాచుకునేలా చేశామన్న మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక అది అదనపు సేవకు కట్టే రుసుమైపోయింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, జరిమానా ఎత్తేశాక కూడా ఆలస్యాలు పాత స్థాయికి దిగిరాలేదు. మన ఎన్నికల్లో జరిగిందీ ఇలాంటిదే. ఓటర్లకు పంచడానికి దాచిన డబ్బు పట్టుబడిందని 2019లో తమిళనాడులోని వేలూరు లోక్‌సభ ఎన్నికనే రద్దు చేశారు. అంతకు రెండేళ్ల ముందు చెన్నై ఆర్కే నగర్ ఉపఎన్నికదీ అదే గతి. రద్దుతో ఒక ఎన్నిక ఆగింది, అలవాటు ఆగలేదు.

‘అందరి దగ్గరా తీసుకుంటాం, నచ్చినవాళ్లకే వేస్తాం’ అని ఓటర్లు అంటారు. అందులో నిజం లేకపోలేదు. ఓటు రహస్యం, ఎక్కువ పంచినవాడు ఓడిన సందర్భాలూ ఉన్నాయి. కానీ నష్టం పోలింగ్ బూత్ దాకా ఆగదు, టికెట్ దగ్గరే మొదలవుతుంది. రెండు లక్షల ఓటర్లున్న నియోజకవర్గంలో సగం మందికి తలా 500 రూపాయలు పంచినా 5 కోట్లు. అసెంబ్లీ అభ్యర్థికి పెద్ద రాష్ట్రాల్లో చట్టం అనుమతించే మొత్తం ఖర్చు 40 లక్షలు. ఆ తేడా భరించగలవాడికే పార్టీలు టికెట్ ఇస్తే, మన ‘నచ్చినవాళ్లు’ ఆ కొద్దిమందిలోంచే రావాలి. పైగా అది పెట్టుబడి. ఇసుకలోనో కాంట్రాక్టుల్లోనో రాబట్టుకోవాలనే చూస్తారు. అప్పుడు నిలదీయబోయిన ఓటరుకు ‘నీ లెక్క తీరిపోయిందిగా’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

మరి ప్రభుత్వ పథకాలూ ఇలాంటివే కదా అనేది ఇంకాస్త బలమైన అభ్యంతరం. మేనిఫెస్టో వాగ్దానాలు ప్రజాప్రాతినిధ్య చట్టం చెప్పే అవినీతి చర్య కిందికి రావని 2013లో సుబ్రమణియం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తేడా నాకూ సబబుగానే తోస్తుంది. పింఛను బడ్జెట్‌లో కనబడుతుంది, సభలో చర్చకు వస్తుంది, వ్యతిరేకంగా ఓటేసినవాడికీ అందాలి, ఆగితే కోర్టుకు వెళ్లొచ్చు. కవరుకు వీటిలో ఒక్కటీ లేదు. పథకాల ఖర్చు మితిమీరుతోందా అంటే వాదించుకోవచ్చు, కానీ అది ఖజానా గురించిన వాదన.

అయితే ఈ నీతిపాఠం పేదల గడప దగ్గరే మొదలుపెట్టడం నాకు మింగుడుపడదు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో హైదరాబాద్ జిల్లాలో పోలింగ్ సగానికి చేరలేదు. ఓటు అమ్ముకున్నవాళ్ల మీద ఉన్నంత చిరాకు ఓటే వేయనివాళ్ల మీద ఎవరికీ ఉండదెందుకో. కంపెనీలు ఎవరికెంత ఇచ్చాయో జనానికి తెలియకుండా పార్టీలకు డబ్బు చేర్చిన ఎన్నికల బాండ్లు 2018 నుంచి నడిచి, 2024 ఫిబ్రవరిలో రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు కొట్టేసేదాకా చట్టబద్ధంగానే ఉన్నాయి. ఐదు వందల కవరు నేరం, కోట్ల బాండు విరాళం! ఈ తేడా చూసిన మనిషికి సిగ్గుపడమని ఏ ముఖంతో చెబుతాం? అభ్యర్థి ఖర్చుకు పరిమితి పెట్టిన చట్టం పార్టీ ఖర్చుకు ఇప్పటికీ ఏ పరిమితీ పెట్టలేదు. ముందు అక్కడ గీత గీస్తే, ఊళ్లో కవరు పంచేవాడిని ఆపే నైతిక హక్కు ఎన్నికల సంఘానికీ, మనకూ వస్తుంది.