లండన్‌లో మన అమరావతి

పొద్దున ఎనిమిదయ్యేసరికి కూతురూ అల్లుడూ ఉద్యోగాలకి, మనవరాలు స్కూలుకి వెళ్లిపోతారు. ఇంట్లో మిగిలేది అమ్మా నాన్నా... కిటికీలోంచి కనిపించే చిరుజల్లు! పిల్లల్ని చూడ్డానికి లండన్ వెళ్లిన చాలామంది తెలుగు పెద్దలకి అనుభవమే ఇది. వీసా ఆర్నెల్లు ఉంటుంది కానీ పిల్లలకి తీరికుండేది శని, ఆదివారాల్లోనే. మిగిలిన రోజులు గడిచేదెలా? లండన్‌లో అందుకు చక్కటి మార్గముంది. అక్కడి పెద్ద మ్యూజియాల్లో చాలావాటికి టికెట్టే లేదు. పైసా ఖర్చులేకుండా ఎన్నిసార్లయినా వెళ్లి రావొచ్చు. పౌండుని రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకునే నాన్నలకి అంతకన్నా ఏం కావాలి!

మొదట చూడాల్సింది బ్రిటిష్ మ్యూజియం. 1753లో ఏర్పాటై 1759లో జనానికి తలుపులు తెరిచిందది. వెళ్లినవాళ్లంతా ముందు పరుగెత్తేది రోసెట్టా శిల దగ్గరికే. క్రీస్తుపూర్వం 196 నాటి ఒకే ప్రకటన దానిమీద మూడు లిపుల్లో ఉంది. దాని సాయంతోనే ప్రాచీన ఈజిప్టు బొమ్మల లిపి గుట్టు 1822లో విడిపోయింది. ఆ తర్వాత మమ్మీలు. అవీ చూసేసరికి కాళ్లు పీకుతాయి. 'ఇక చాల్లే' అనుకుంటూ ఇంటిదారి పడతారు చాలామంది. అసలు మనవాళ్లు చూడాల్సిన 33ఏ గది మాత్రం అలాగే మిగిలిపోతుంది!

కృష్ణ ఒడ్డు నుంచి...

ఆ అద్దాల గదిలో ఉన్నవి అమరావతి స్తూపం శిల్పాలు. క్రీస్తుపూర్వమే మొదలైన ఆ మహాస్తూపం శాతవాహనుల కాలంలో వైభవంగా వెలిగింది. తర్వాత కాలగర్భంలో కలిసిపోయి మట్టిదిబ్బగా మారింది. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో నివాసం ఏర్పరచుకున్నాక, కొత్త కట్టడాల కోసం ఆ దిబ్బని తవ్వి రాళ్లు తీశారు. ఆ సంగతి తెలిసి వచ్చిన కాలిన్ మెకంజీ, 1816లో మళ్లీ మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి శిల్పాలన్నిటికీ బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మరిన్ని శిల్పాలు బయటికి తీసి మద్రాసుకి పంపాడు. వాటిలో చాలావరకూ 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి దక్కాయి. పల్నాటి సున్నపురాతి పలకలు... వందకి పైగా!

ఒక పలకమీద బుద్ధుడి జననం నాలుగు దృశ్యాల్లో కనిపిస్తుంది. మాయాదేవి కల, పండితులు దాని ఫలం చెప్పడం, బిడ్డ పుట్టడం, ఆ బిడ్డని యక్షుడి ముందుకి తీసుకెళ్లడం. కానీ ఎంత వెతికినా పసిబిడ్డ కనిపించడు. దేవతలు పట్టుకున్న వస్త్రంమీద చిన్ని పాదముద్రలు మాత్రమే ఉంటాయి! బుద్ధుణ్ని మనిషి రూపంలో చూపకుండా గుర్తులతోనే చెప్పే పాత పద్ధతి అది. మరో పలకకి రెండువైపులా చెక్కడమే. ముందువైపు పని పూర్తయిన రెండు మూడు వందల ఏళ్ల తర్వాత దాన్ని తిప్పి, వెనకవైపు స్తూపం బొమ్మ చెక్కారు. కూలిపోకముందు మహాస్తూపం ఎలా ఉండేదో ఇలాంటి పలకల వల్లే మనకి తెలుస్తోంది.

కోహినూర్ వజ్రం ఉన్నదీ ఈ నగరంలోనే. అదీ కృష్ణ ఒడ్డునున్న కొల్లూరు గనుల్లో దొరికిందనే అంటారు. 186 కారెట్ల వజ్రాన్ని 1852లో సానబెట్టించి 105.6 కారెట్లకి తగ్గించేశారు. టవర్ ఆఫ్ లండన్‌లో ఓ కిరీటంలో పొదిగి ఉంటుందది. అక్కడ మాత్రం టికెట్టు కొనాలి. పైగా కిరీటాల ముందు నిలబడి తీరిగ్గా చూద్దామంటే కుదరదు, కదిలే పట్టా మనల్ని ముందుకి తీసుకెళ్లిపోతుంది! అమరావతి దగ్గర అలా కాదు, ఎంతసేపు నిల్చున్నా ఎవరూ కదలమనరు.

ఆకలేస్తే...

మాంసాహారులైతే ఫిష్ అండ్ చిప్స్ రుచి చూడాల్సిందే. కాడ్ చేప ముక్కని మైదాపిండి జారులో ముంచి బజ్జీలా వేయించి, లావుపాటి బంగాళాదుంప ముక్కలతో ఇస్తారు. పైన ఉప్పూ వెనిగరూ. కారం ఉండదు మరి! శాకాహారులకి జాకెట్ పొటాటో ఉంది. పెద్ద బంగాళాదుంపని తొక్కతోనే కాల్చి, మధ్యకి చీల్చి వెన్న, చీజ్, ఉడికించిన చిక్కుడు గింజలు వేసిస్తారు. సాయంత్రం టీతో స్కోన్ తినాలి. దానిమీద ముందు మీగడ రాయాలా, జామ్ రాయాలా అని డెవన్, కార్న్‌వాల్ వాళ్లకి ఎప్పుడూ పేచీయే. ఇవేవీ నోటికి ఎక్కకపోతే మ్యూజియం నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే యూస్టన్ స్టేషన్ పక్కన డ్రమండ్ వీధి ఉంది. అక్కడ మన రుచులు దొరుకుతాయి. ఆ దగ్గర్లోనే బ్రిటిష్ లైబ్రరీ. మెకంజీ గీయించిన అమరావతి బొమ్మలు భద్రంగా ఉన్నది అందులోనే.

తిరిగొస్తాయా?

ఆ గదిలోంచి బయటికొచ్చే తెలుగువారి మనసులో మెదిలే ప్రశ్న ఇదే. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, అక్కడి వస్తువుల్ని శాశ్వతంగా ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు. 'అక్కడున్నాయి కాబట్టే ఇంత భద్రంగా ఉన్నాయి' అనేవారూ ఉన్నారు, 'ఎవరి సొత్తు వారికివ్వాలి కదా' అనేవారూ ఉన్నారు. సున్నం కోసం కాల్చేసిన పలకలూ ఉన్నాయన్నది మొదటివారి వాదనకి బలం. కానీ శిల్పాలు ఒకచోట, స్తూపం ఆనవాళ్లు మరోచోట ఉంటే కథ సగమే అర్థమవుతుందన్నదీ నిజమే.

అక్కడే పుట్టి పెరుగుతున్న మనవలకి ఆ కథ చెప్పాల్సింది అమ్మమ్మలూ తాతయ్యలే. మ్యూజియం పలకమీది నాలుగు ఇంగ్లిషు వాక్యాలకన్నా, 'ఇది మన కృష్ణ ఒడ్డుది నాన్నా' అన్న ఒక్కమాట పిల్లల మనసులో ఎక్కువకాలం నిలుస్తుంది. ఈసారి సెలవులకి వాళ్లు ఇండియా వచ్చినప్పుడు అమరావతికి తీసుకెళ్లండి. అక్కడ మిగిలిన స్తూపం అడుగుభాగం చుట్టూ ఓ ప్రదక్షిణ చేయించండి. లండన్‌లో చూసిన పలకలు ఎక్కడెక్కడ ఉండేవో వాళ్లే ఊహించుకుంటారు!