పచ్చడిలో ఏ ఉప్పు? అపోహలు – వాస్తవాలు

ఉద్దానం ఇళ్లలో చిరుతిండికి, నంజుకునే పచ్చడికి సరుకు కోసం వెతుక్కోనక్కర్లేదు. పలాస జీడిపప్పు, కవిటి, సోంపేట తోటల కొబ్బరి, పెరట్లో పనసపిక్కలు, డబ్బాలో మరమరాలు ఎప్పుడూ ఉండేవే. వీటికి రుచి పట్టించే ఉప్పు కూడా దూరం నుంచి రానక్కర్లేదు. సంతబొమ్మాళి మండలం నౌపడ ఉప్పుమడులు ఆ పని తరతరాలుగా చేస్తున్నాయి. కరువల్లా ఆ ఉప్పు గురించిన సరైన సమాచారానికే.

ఫోన్ల మీద ఊరేగుతున్న ప్రచారం ఇలా సాగుతుంది. మెత్తటి ప్యాకెట్ ఉప్పు కిడ్నీని తినేస్తుందట. దాని బదులు కల్లుప్పో, సైంధవ లవణమో, ‘లో సోడియం’ ప్యాకెట్టో వాడితే కిడ్నీకి భయం లేదట. పచ్చడైనా, వేయించిన జీడిపప్పైనా మనసు తీరా తినవచ్చట. ఇదే మాట కిడ్నీ జబ్బు లేని ఊళ్లో తిరిగితే అమాయకత్వం అనుకోవచ్చు. ఉద్దానంలో తిరిగితే ప్రమాదం. ఇక్కడి పెద్దవాళ్లలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని, వారిలో ఎక్కువమందిలో షుగరు వంటి తెలిసిన కారణాలేవీ కనిపించలేదని 2019లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది ఊరికే కాదు. అలాంటి చోట ఉప్పు మీద గాలిమాట నేరుగా కంచంలోకి దిగుతుంది.

అపోహ: ఉప్పు రకం మారిస్తే కిడ్నీ గండం గడిచినట్టే

మూడు ఉప్పుల్నీ ఒకే గాటన కట్టడం దగ్గరే ఈ ప్రచారం తప్పటడుగు వేసింది. మొదటి రెండూ మామూలు ఉప్పుకు వేరే వేషాలు. మూడోది అసలు వేరే సరుకు.

కల్లుప్పు సంగతి చూడాలంటే నౌపడ మడి గట్టున నిలబడితే చాలు. కాలువలోంచి వచ్చిన ఉప్పునీరు ఒక మడి నుంచి మరో మడికి మారుతూ ఎండకు చిక్కబడుతుంది. ఒక దశలో సోడియం క్లోరైడ్ గళ్లుగా కట్టి అడుగున తేరుకుంటుంది. దాన్ని పలకలతో గట్టుకు లాగి కుప్ప పోస్తారు. మడిలో మిగిలిన చేదునీటిని బయటికి వదిలేస్తారు. సముద్రంలోని మెగ్నీషియం, పొటాషియం లవణాల్లో ఎక్కువ భాగం ఆ చేదునీటితోనే పోతుంది. అంటే ‘సహజ ఖనిజాల నిధి’ అని ప్రచారంలో పొగిడేది మడి దాటకముందే కాలువ పాలైంది. గళ్లకు అంటుకుని వచ్చిన కాస్త మెగ్నీషియం క్లోరైడ్ చేసే పనల్లా వానాకాలంలో గాలి తేమను పీల్చి ఉప్పుజాడీని చెమ్మగిల్లేలా చేయడమే.

సైంధవ లవణం కథా అంతే. అది కోట్ల ఏళ్ల కిందట ఎండిపోయిన సముద్రం నేలలో మిగిల్చిన ఉప్పు. దాని గులాబీ రంగు ఇనుము చలవ. నూటికి 95 పాళ్లకు మించి అదీ సోడియం క్లోరైడే. మిగిలిన కొద్దిపాటి ఖనిజాలు ఒంటికి పట్టాలంటే గుప్పెళ్లకొద్దీ ఉప్పు తినాలి. అప్పటికి ఖనిజాల లెక్క చూసుకునే ఓపిక ఎవరికీ మిగలదు.

ఈ రెండింటిలో ఏదైనా, మామూలు ప్యాకెట్ ఉప్పైనా 5 గ్రాములు తింటే లోపలికి వెళ్లే సోడియం దాదాపు 2 గ్రాములే. పెద్దవాళ్లు రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ లెక్కకు మడి ఉప్పు, గని ఉప్పు, మిల్లు ఉప్పు అన్న తేడా లేదు. నిజమైన తేడా చెంచాలో ఉంది. గళ్ల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి చెంచాడు కల్లుప్పు చెంచాడు మెత్తటి ఉప్పుకన్నా తేలిక. కల్లుప్పు ‘తక్కువ ఉప్పన’ అన్న భ్రమ పుట్టింది అక్కడే. ఉప్పన చాలలేదని ఇంకో అరచెంచా వేసిన క్షణాన ఆ లాభం కాస్తా హుళక్కి.

కల్లుప్పు మీద మోజు తెచ్చే నష్టం ఇంకొకటి ఉంది. సముద్రపు ఉప్పులో సహజంగా ఉండే అయోడిన్ లెక్కలోకి రానంత తక్కువ. గాయిటర్ వంటి జబ్బులు రాకుండా మన దేశంలో ఉప్పుకు అయోడిన్ కలుపుతారు. కొనేవారి చేతికి వచ్చేసరికి పదిలక్షల పాళ్లకు కనీసం 15 పాళ్లు ఉండాలన్నది నియమం. నేరుగా తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మకంపై దేశవ్యాప్త నిషేధం 2006 నుంచి మళ్లీ అమల్లో ఉంది. ఊరగాయకు కల్లుప్పు వాడుకుంటే వాడుకోవచ్చు. పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో రోజువారీ ఉప్పు మాత్రం అయోడిన్ కలిపినదే కావాలి.

ఇక మూడోది ‘లో సోడియం’ ఉప్పు. ఇందులో సోడియం క్లోరైడ్‌ను కొంత తగ్గించి, ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. దీని పేరు ఊరికే మోగలేదు. చైనాలో 600 పల్లెల్లో, సుమారు 21 వేల మందితో జరిగిన పరీక్షలో 75 పాళ్లు సోడియం క్లోరైడ్, 25 పాళ్లు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. ఇంతవరకూ చదివినవాళ్లే ఫోన్లలో పంచుతున్నట్టున్నారు. ఆ పరీక్షలో తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవారిని చేర్చుకోలేదన్న వాక్యం దగ్గరికి ఎవరూ రాలేదు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి ఉప్పును సూచించినప్పుడు కూడా కిడ్నీ పనితీరు తగ్గినవారిని, గర్భిణులను, పిల్లలను పక్కనపెట్టింది.

కారణం తేలికగానే అర్థమవుతుంది. ఒంట్లో ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపే పని ప్రధానంగా కిడ్నీదే. రక్తంలో అది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. కిడ్నీ చేతులెత్తేసినప్పుడు అది పేరుకుంటుంది. నీరసం, తిమ్మిర్లు కనిపించవచ్చు. ఏమీ కనిపించకుండానే గుండె లయ తప్పవచ్చు, గుండె ఆగిపోనూవచ్చు. నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు రోజుకు 5 గ్రాములు తింటే అదనంగా చేరే పొటాషియం 650 మిల్లీగ్రాములు. బీపీకి వాడే టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటి మాత్రలు, స్పైరోనోలాక్టోన్ కూడా పొటాషియాన్ని నిలిపి ఉంచుతాయి. బీపీ మాత్ర వేసుకుంటూ, దెబ్బతిన్న కిడ్నీతో, ‘ఆరోగ్యకరమైన’ ఉప్పు వేసిన పచ్చడి తింటున్న మనిషికి మూడు వైపుల నుంచీ ఒకే గండం.

‘కిడ్నీ జబ్బు లేనివాళ్లు వాడుకోవచ్చుగా’ అన్న ప్రశ్న సబబే. వాడుకోవచ్చు. కానీ జబ్బు లేదని తెలిసేదెలా? తొలి దశల్లో ఈ జబ్బుకు నొప్పి ఉండదు, వాపు ఉండకపోవచ్చు, మూత్రంలో తేడా కంటికి ఆనకపోవచ్చు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూస్తేనే తెలుస్తుంది. ఉద్దానంలో ఈ పరీక్ష చేయించుకోకుండా ‘లో సోడియం’ ప్యాకెట్ ఇంటికి తేవడం కళ్లకు గంతలు కట్టుకుని నూతి గట్టున నడవడమే.

అపోహ: ఉప్పును వేయించి వాడితే దోషం పోతుంది

ఉప్పు కరగాలంటేనే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మూకుడులో పోయేది తేమ ఒక్కటే. సోడియం ఎక్కడికీ పోదు. పైగా అయోడిన్ కలిపిన ఉప్పైతే కాస్త అయోడిన్ కూడా పోతుంది.

అపోహ: కొబ్బరిబొండం కిడ్నీని కడిగేస్తుంది

వడదెబ్బకు బొండం మంచిదే. కిడ్నీ జబ్బు ముదిరినవారికి మాత్రం అది పొటాషియం సీసా. కొబ్బరినీళ్లలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. 350 మిల్లీలీటర్లు పట్టే బొండం ఒక్కటి తాగితే 900 మిల్లీగ్రాములకు అటూ ఇటుగా లోపలికి చేరుతుంది. పలకరింపుకు ఆసుపత్రికి వెళ్లేవాళ్లు చేతిలో నాలుగు బొండాలు పట్టుకెళ్లే అలవాటు ఉద్దానంలోనైనా మానుకోవాలి.

ఒక్క వాక్యానికి మించి అక్కర్లేనివి

జీడిపప్పులో కొలెస్ట్రాల్ ఉంటుందట: మొక్కల నుంచి వచ్చే ఏ పప్పులోనూ అది ఉండదు.

కొబ్బరిలోనూ ఉండదు గానీ, రక్తంలో కొలెస్ట్రాల్‌ను పెంచే సంతృప్త కొవ్వు 100 గ్రాముల పచ్చికొబ్బరిలో 30 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి పచ్చడి గిన్నె ముందేసుకుని కూర్చోకూడదు.

నిమ్మరసం పిండితే ఉప్పు విరుగుతుందట: నాలుకకు తెలియకపోవచ్చు, రక్తానికి తెలుస్తుంది.

ఉప్పెక్కువైన పులుసులో బంగాళాదుంప వేస్తే ఉప్పును పీల్చేస్తుందట: దుంప ఉప్పునీటినే పీలుస్తుంది, గిన్నెలో మిగిలిన పులుసు అంత ఉప్పగానూ ఉంటుంది.

జీడిపప్పు తినడం వల్లే ఉద్దానానికి కిడ్నీ జబ్బు పట్టుకుందట: జబ్బుకు కారణం ఇదమిత్థమని ఇంకా తేలలేదు, జీడిపప్పే కారణమని తేల్చినవారూ లేరు.

గుండు పప్పులోనే బలం ఉంటుందట: 240 రకమంటే పౌనుకు 240 దాకా గుండ్లు తూగుతాయని అర్థం, బలం లెక్క కాదు.

ఒప్పుకోక తప్పని మాట

పచ్చి జీడిపిక్కల్ని ఇంట్లో కాల్చుకోవద్దని పెద్దవాళ్లు కసిరేది పాతకాలపు భయంలా వినిపిస్తుంది గానీ, ఇందులో నిజం ఉంది. పిక్క పెంకు గుల్ల గుల్లగా ఉంటుంది; ఆ గుల్లల నిండా జీడి. అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉన్న ఆ జిగట నూనె చర్మానికి తగిలితే పొక్కుతుంది. నిప్పుల మీద వేసిన పిక్క చిటపటలాడి, పెంకులోంచి నూనె చిమ్మి, ఒక్కసారిగా భగ్గున మండుతుంది. ఆ పొగ కళ్లనూ గొంతునూ మంటెత్తిస్తుంది. బట్టల మీద చాకలి గుర్తు పెట్టే నల్లజీడి కూడా ఈ కుటుంబానిదే. పలాస బట్టీల్లో, మిల్లుల్లో పిక్కను కాల్చడమో ఆవిరి పట్టడమో చేసి, ఆ తర్వాత పెంకు కొడతారు. అంగడిలో ‘పచ్చి పప్పు’ అని అమ్మేది కూడా సాధారణంగా అలా వేడి తగిలినదే. కాబట్టి పిక్కలు కొని సరదాకు కాల్చుకోవడం కన్నా ఒలిచిన పప్పు కొని వేయించుకోవడం మేలు. పెద్దవాళ్ల మాట ఈ ఒక్కసారికి నెగ్గింది.

తగ్గించాల్సింది రకం కాదు, కొలత

ఉప్పు తగ్గితే రుచి పోతుందన్న భయంలో సగమే నిజం. ఉప్పును ఎక్కడ, ఎప్పుడు వేస్తారన్నదాన్ని బట్టి నాలుకకు తగిలే తీరు మారుతుంది. వేయించిన జీడిపప్పు మీద కల్లుప్పు చల్లితే సగం గిన్నె అడుగునే మిగిలిపోతుంది. అదే ఉప్పును మెత్తగా దంచి, పప్పు వేడిమీద ఉండగానే చల్లితే అంతటా అంటుకుంటుంది. పావుకిలో పప్పుకు అరచెంచా సరిపోతుంది.

నంజుకునే పచ్చడికి పద్ధతి ఇదీ. గుండు పప్పు అక్కర్లేదు. రుబ్బేదానికి బద్దలు, ముక్కలు చాలు, ధరా తక్కువ. యాభై గ్రాముల ముక్కల్ని రెండు గంటలు నానబెట్టి, మూడు పచ్చిమిర్చి, రెండు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు కొత్తిమీరతో కాస్త నీళ్లు పోసి మెత్తగా రుబ్బాలి. అర నిమ్మచెక్క పిండి, చివర్లో పావుచెంచా ఉప్పు కలపాలి. నలుగురికి సరిపోతుంది, మనిషికి వచ్చే ఉప్పు గ్రాములో మూడోవంతు. ఉప్పు ముందే వేసి రుబ్బితే చాలినట్టు అనిపించక మళ్లీ వేస్తారు. చివర్లో కలిపితే ఆ అవసరం రాదు, ఈ పచ్చడికి పొయ్యి వేడి ఎలాగూ తగలదు కాబట్టి అయోడినూ నిలుస్తుంది. కొబ్బరి పచ్చడికీ ఇదే వరుస. పులుపు, కారం, వేయించిన జీలకర్ర ఉన్నచోట ఉప్పు లోటు అంతగా తెలియదు. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం కలుపుకునేటప్పుడు నల్లుప్పు వేస్తే తక్కువ ఉప్పు తిన్నట్టు కాదు. అదీ సోడియం క్లోరైడే. బజ్జీల పిండిలో వేసే వంటసోడాలోనూ నాలుగో వంతుకు పైగా సోడియమే.

కిడ్నీ జబ్బు ఉందని తేలినవారికి ఈ పచ్చళ్ల విషయంలో కూడా అందరికీ ఒకటే సలహా పనికిరాదు. వంద గ్రాముల జీడిపప్పులో పొటాషియం 660, భాస్వరం 590 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. ఎంత తినవచ్చో రక్తపరీక్ష చూసిన వైద్యులే చెప్పాలి.

మిగిలినవారికి ఇంట్లోనే చేసుకోదగ్గ లెక్క ఒకటుంది. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో మనిషికి రోజుకు 5 గ్రాముల చొప్పున రోజుకు 20 గ్రాములు. కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. నిలవ పచ్చళ్లలో, అప్పడాల్లో, అంగడి మిక్చరులో తినే ఉప్పు దీనికి అదనం కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ రోజులు రావాలి. ప్యాకెట్ విప్పిన తేదీని దాని మీదే రాసుకుంటే నెల తిరిగేసరికి సంగతి తెలిసిపోతుంది.