గెట్టు లెక్క: గొలుసు నుంచి రోవర్ దాకా

గుంటంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న నేల. 121 గజాలు. నలభై గుంటలైతే ఎకరం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో భూమి బేరం మాట్లాడే ఎవరికైనా ఈ లెక్క నోటిమీదే ఉంటుంది. ఆ 33 అడుగులు ఒక ఇనుప గొలుసు పొడవు. 1620లో ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లండు గణితజ్ఞుడు వంద లింకులతో 66 అడుగుల గొలుసును కొలతకు పెట్టాడు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. దక్కను సర్వేల్లో వాడింది అందులో సగం, 33 అడుగులది. దాన్ని 16 అణాలుగా భాగించారు. అంటే గొలుసు ఒకసారి నిలువునా, ఒకసారి అడ్డంగా పడితే గుంట.

అయితే గొలుసుకు తెలిసింది తిన్నని గీత ఒక్కటే. పొలాలేమో తిన్నగా ఉండవు. వాగు ఒరుసుకుపోయిన చోట ఒంపు, అన్నదమ్ములు పంచుకున్న చోట మొన, బండ అడ్డమొచ్చిన చోట మెలిక. అలాంటి నేల వైశాల్యం ఎంత? మనుషులు ఈ ప్రశ్నతో వేల ఏళ్లుగా కుస్తీ పడుతున్నారు. తెలుగులో తొలి గణితగ్రంథంగా చెప్పుకునే పావులూరి మల్లన ‘సారసంగ్రహ గణితము’ 11వ శతాబ్దిది. దానికి మూలం 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు రాసిన సంస్కృత గ్రంథం. అందులో క్షేత్రగణితానికి ఒక అధ్యాయమే ఉంది. అంతకు ముందే, 628లో బ్రహ్మగుప్తుడు నాలుగు వైపుల నేలకు రెండు లెక్కలు చెప్పాడు. ఒకటి స్థూలం, రెండోది సూక్ష్మం. స్థూలమంటే ఎదురెదురు వైపుల సగటులు తీసి, ఆ రెంటినీ గుణించడం. ఊళ్లలో పెద్దమనుషులు ఇప్పటికీ మోకా మీద వేసే లెక్క ఇదే.

ఒక మడి తీసుకుందాం. మొదటి మూలను సున్నా అనుకుంటే, రెండో మూల దానికి 60 మీటర్లు తూర్పున, 5 మీటర్లు ఉత్తరాన ఉంది. మూడోది 70 తూర్పు, 50 ఉత్తరం. నాలుగోది 8 తూర్పు, 62 ఉత్తరం. వరసగా వైపుల పొడవులు 60.2, 46.1, 63.2, 62.5 మీటర్లు. స్థూలం లెక్కన దాదాపు 3,350 చదరపు మీటర్లు, అంటే 33 గుంటల పైచిలుకు. అసలు వైశాల్యం 3,295. ముప్పై రెండున్నర గుంటలు. తేడా అర గుంట దాటింది, 65 గజాలు. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఇంకోటుంది. ఈ స్థూలం లెక్క ఎప్పుడూ తక్కువ చూపదు. పొలం సరైన దీర్ఘచతురస్రమైతే సరిపోతుంది, ఏమాత్రం వంకర ఉన్నా ఎక్కువే చూపిస్తుంది. శిస్తు కట్టేవాడూ, ఎకరాల లెక్కన కొనుక్కునేవాడూ నష్టపోతారు. ఒక్కసారి కూడా వాళ్ల వైపు మొగ్గని తప్పు ఇది.

వైపుల కొలతలు నాలుగూ తెలిసినా పొలం ఆకారం తేలదు. మూల నుంచి ఎదుటి మూలకు ఇంకో కొలత కావాలి. అది పడగానే పొలం రెండు త్రిభుజాలవుతుంది. త్రిభుజానికి మూడు వైపులు తెలిస్తే చాలు, ఇక కదలదు. నిజాం కాలం నుంచి మన సర్వే నంబర్లకు ఉన్న టిప్పన్ అనే కొలతల పటం నమ్ముకున్నది దీన్నే. పొలం మధ్యగా ఒక ఆధారగీత గీస్తారు. దాని మీద గొలుసు పరుస్తారు. ప్రతి మూల నుంచి ఆ గీతకు లంబంగా కొలత తీసి కాగితం మీద వేస్తారు. ఎంత వంకర పొలమైనా కొన్ని లంబకోణ త్రిభుజాలుగా, కొన్ని సమలంబ చతుర్భుజాలుగా విడిపోతుంది. విడివిడిగా లెక్క కట్టి కూడితే సరి. కంప్యూటర్ శాస్త్రంలో బహుభుజిని సమలంబ చతుర్భుజాలుగా విడగొట్టే పద్ధతి దీనికి దగ్గరి బంధువు. పాత టిప్పన్ చేతికందినప్పుడు ఆ అణాల అంకెల వెనక ఇంత గట్టి గణితం ఉందని గుర్తుపట్టేవాళ్లు తక్కువ. నాకు బాధ కలిగించే విషయం అదే.

గొలుసు తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. థియోడలైట్ కోణాలు కొలిచింది. 1854లో యాకోబ్ ఆమ్స్లర్ అనే స్విట్జర్లాండ్ గణితజ్ఞుడు ప్లానిమీటర్ చేశాడు. పటం మీద పొలం అంచు వెంట దాని మొన నడిపితే చిన్న చక్రం తిరిగి వైశాల్యం చూపిస్తుంది. చుట్టూ తిరిగొస్తే లోపల ఎంతుందో తెలిసిపోవడం అద్భుతమైన ఊహ. ఇప్పటి కంప్యూటర్ లెక్క దానికి తమ్ముడు.

ఇప్పుడు పొలాల్లో కనిపిస్తున్నది రోవర్. పొడవాటి కడ్డీ, పైన గుండ్రటి గ్రాహకం. హద్దురాయి మీద నిలబెడితే ఉపగ్రహాల సంకేతాలు అందుకుంటుంది. స్థానం కచ్చితంగా తెలిసిన ఒక స్థిర కేంద్రం పంపే సవరణలతో తప్పును సెంటీమీటర్లకు తగ్గించుకుంటుంది. కోదాడ దాటి ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెడితే వచ్చే జగ్గయ్యపేట మండలంలోని తక్కెళ్లపాడులో 2020 డిసెంబరు 21న ఆ రాష్ట్రం భూముల రీసర్వే మొదలుపెట్టింది. డ్రోన్లు, రోవర్లు, స్థిర కేంద్రాలు అన్నీ అందులో ఉన్నాయి. తెలంగాణలో 2025లో భూమి హక్కుల రికార్డులపై భూ భారతి చట్టం అమల్లోకి వచ్చింది. దానితో సర్వే పటం మళ్లీ భూమి పత్రాల పక్కకు చేరుతోంది.

రోవర్ ఇచ్చేది అంకెల జతలు మాత్రమే. మూలకు రెండు, తూర్పుకెంత, ఉత్తరానికెంత. వాటి నుంచి పొలాన్ని తయారుచేసేది అల్గారిథం. పైన చెప్పుకున్న మడినే చూడండి. మూలల్ని గెట్టు వెంట వరసగా రాసుకోవాలి. ప్రతి మూల తూర్పు అంకెను తర్వాతి మూల ఉత్తరపు అంకెతో గుణించి, అందులోంచి తర్వాతి మూల తూర్పు అంకెను ఈ మూల ఉత్తరపు అంకెతో గుణించినది తీసేయాలి. మొదటి మూల సున్నా కాబట్టి మొదటి, చివరి జతలు సున్నా. రెండో జత 60×50 నుంచి 70×5 పోగా 2,650. మూడో జత 70×62 నుంచి 8×50 పోగా 3,940. మొత్తం 6,590. సగం 3,295. 1769లో జర్మనీలో మైస్టర్ అనే గణితజ్ఞుడు వివరించిన ఈ పద్ధతిని ఇప్పుడు షూలేస్ సూత్రమంటారు. ఎన్ని మూలలున్నా, ఎన్ని వంపులున్నా పనిచేస్తుంది. షరతు ఒక్కటే, వరస తప్పకూడదు. మూడో మూలనూ నాలుగో మూలనూ తారుమారు చేస్తే గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. వచ్చే అంకెకు పొలంతో సంబంధం ఉండదు.

వైశాల్యం తర్వాత రెండో ప్రశ్న: నేను నిలబడ్డ చోటు ఈ సర్వే నంబరు లోపలా, బయటా? ఇక్కడి నుంచి తిన్నగా తూర్పుకు ఒక గీత గీయండి. ఆ సర్వే నంబరు గెట్టును అది ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టండి. బేసి అయితే లోపల, సరి అయితే బయట. ఎంత మెలికల పొలమైనా ఇంతే. గీత సరిగ్గా హద్దురాయి మీదుగా పోతే చిక్కు. ఆ మూలను ఒకసారి లెక్కించాలా, రెండుసార్లా? దానికో నియమం పెట్టుకుంటారు. ప్రతి వైపుకూ కింది కొస దానిదే, పై కొస దానిది కాదు. ఆ చిన్న నియమంతో చిక్కు విడిపోతుంది. కంప్యూటర్ జ్యామితి నేర్చుకునేవాళ్లకు అసలు పరీక్ష ఇలాంటి చోట్లే ఎదురవుతుంది.

గెట్టు పంచాయితీలో అసలు కష్టం పొలానికీ పొలానికీ మధ్య ఉంటుంది. ఇద్దరు పక్క రైతులు వేర్వేరు రోజుల్లో కొలిపించుకుంటే, ఒకే హద్దురాయికి రెండు రకాల అంకెలు రావచ్చు. ఒడ్డు రెండు కొసల్లోనూ తేడా రెండు సెంటీమీటర్లే అనుకోండి. అరవై మీటర్ల ఒడ్డు వెంట అది చదరపు మీటరు దాటుతుంది. పటంలో అక్కడ ఎవరికీ చెందని సన్నటి చీలిక కనబడుతుంది, లేదా ఇద్దరిదీ అయిన అతివ్యాప్తి. నేల మీద అలాంటిదేమీ ఉండదు, ఉన్నది ఒకే ఒడ్డు. 1978లో ముల్లర్, ప్రెపరాటా అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన జాబితా దీన్ని చక్కగా పట్టుకుంది. అందులో పొలాల్ని విడివిడిగా రాయరు, గెట్లను రాస్తారు. ప్రతి గెట్టూ ఒక్కసారే ఉంటుంది. ఏ మూల నుంచి ఏ మూలకు పోతుంది, ఎడమన ఎవరు, కుడిన ఎవరు అన్న వివరాలు దానికే కడతారు. ఒడ్డు ఇద్దరిదీ అని ఊరికి తెలిసిన సంగతి కంప్యూటర్‌కు కూడా తెలిసినట్టవుతుంది.

సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారిలాంటి రోడ్డు కోసం భూమి తీసుకోవాలంటే ఏ పొలంలో ఎంత పోతుందో తేల్చాలి. రోడ్డు పట్టీ అంచుతో పొలాన్ని కత్తిరించే పద్ధతిని 1974లో సదర్లాండ్, హాడ్జ్‌మన్ రాశారు. గీతలు ఎక్కడెక్కడ కోసుకుంటున్నాయో వెతకడం అంతకంటే పెద్ద పని. పదివేల గెట్టు గీతలుంటే, ప్రతి జతనూ పోల్చడానికి దాదాపు 5 కోట్ల పోలికలు కావాలి. 1976లో షామోస్, హోయ్ ఒక ఉపాయం చెప్పారు. పడమటి నుంచి తూర్పుకు ఒక నిలువు గీత పటం మీదుగా జరుగుతుంది, కోత మిషన్ పొలం మీద పోయినట్టు. ఏ క్షణంలోనైనా ఆ గీతకు తగిలే గెట్లలో పక్కపక్కనున్న వాటినే పోల్చాలి. కోసుకునే రెండు గీతలు కోసుకునే ముందు పక్కపక్కకు రాక తప్పదు కదా! పని కొన్ని లక్షల మెట్లకు దిగిపోతుంది. 1979లో బెంట్లీ, ఒట్‌మన్ దాన్ని అన్ని ఖండన బిందువులనూ చెప్పేలా పెంచారు. ఈ శాస్త్రానికి కంప్యుటేషనల్ జామెట్రీ అన్న పేరు నిలబెట్టింది 1978లో షామోస్ యేల్ విశ్వవిద్యాలయంలో సమర్పించిన సిద్ధాంత గ్రంథమే.

మిర్యాలగూడ ప్రాంతంలో ఈ జ్యామితికి ఇంకో ముఖం ఉంది. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మెట్ట చేలు వరి మడులయ్యాయి. అప్పటి నుంచి ఎత్తుపల్లాల లెక్క కూడా గెట్టు లెక్కంత విలువైనదైంది. మడి నీరెక్కుతుందా లేదా తేల్చాలంటే ఎత్తులు కొలిచిన చుక్కల్ని త్రిభుజాలుగా కలపాలి. ఏ మూడు చుక్కల్ని కలపాలి? వాటి గుండా పోయే వృత్తంలో ఇంకో చుక్క పడకూడదని 1934లో రష్యన్ గణితజ్ఞుడు డెలోనే నియమం పెట్టాడు. అప్పుడు సన్నటి, మొనదేలిన త్రిభుజాలు వీలైనంత తగ్గి, ఎత్తుల అంచనా నమ్మదగ్గదవుతుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ చదివే పిల్లలకు ఈ జ్యామితిని అమెరికా ఉదాహరణలతో చెప్పాల్సిన పని లేదు. ఇంట్లో టిప్పన్ నకలు ఉంటే చాలు. ఆధారగీత మీది కొలతల్ని తూర్పు, ఉత్తరం అంకెలుగా మార్చి షూలేస్ ప్రోగ్రాం రాయాలి. వచ్చిన వైశాల్యాన్ని పహాణీ అనే భూమి రికార్డులో ఉన్న గుంటలతో పోల్చాలి. తర్వాత పక్క సర్వే నంబరు కూడా ఎక్కించి, ఇద్దరి ఉమ్మడి ఒడ్డుకు ఒకే అంకెలు పడ్డాయో లేదో చూడాలి. పడకపోతే ఏ రాయి దగ్గర తేడా వచ్చిందో ప్రోగ్రామే చూపిస్తుంది. కాగితం తప్పా, రాయి కదిలిందా అన్నది తేలాలంటే ఇరుపక్కల రైతులనూ పిలిచి మోకా మీదికి పోవాలి.