అంత్యయాత్రకు పాతబండి

దమ్మపేట ప్రాంతపువారెవరైనను ఖమ్మమునందో భద్రాచలమునందో ఆసుపత్రిలో కన్నుమూసినచో, వారిని ఇల్లు చేర్చుటయే బంధువులకు మొదటి చింత. పామాయిల్ తోటలును అడవియును గల త్రోవలో వైకుంఠరథము ఆగిపోయినచో ఆ ఇంటివారి బాధ వర్ణింపనలవి కాదు. కావున పాతబండి కొని ఈ వృత్తి సాగింపదలచువారికి కొన్ని విషయములు మనవి చేయుచున్నాము.

పూర్వకాలపు బండి అంత్యయాత్రకు గంభీరతనిచ్చునని కొందరి తలంపు. కాని 2021లో కేంద్రము చేసిన నిబంధనలను బట్టి, 50 ఏండ్లు దాటి ‘వింటేజ్’గా నమోదైన బండిని వ్యాపారమునకు నడపరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసికొనిపోవచ్చును; బాడుగకు త్రిప్పరాదు.

కనుక నిత్యము నడువగల సాధారణపు పాతబండినే వెదకవలెను. రవాణా వాహనముగా నమోదైనది 8 ఏండ్లు దాటినచో ఏటేట ఫిట్‌నెస్ పరీక్ష జరుగవలెను. ఆ పత్రమును, రిజిస్ట్రేషన్‌ను, బీమాను ముందుగా చూడుడు. వ్యానును శవవాహనముగా మార్పదలచినచో, 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి రవాణాశాఖ అనుమతి పొందవలెను.

పిమ్మట బ్రేకులు, క్లచ్చి, రేడియేటరు, టైర్లు పరీక్షింపుడు. లోపలి నేల కడుగుటకు వీలైన రేకుతో ఉండవలెను. వెనుక తలుపు ఒక్క చేతితో తెరచుకొనవలెను; రెండవ చేయి పాడెను పట్టియుండును గదా!

తుదకొక మాట. రంగు చూచి బయానా ఈయకుడు. చీకటిపడిన తరువాత, నలుగురిని ఎక్కించుకొని, ఏ త్రోవను నడుపవలసియున్నదో ఆ త్రోవనే ఒకమారు నడిపి చూచి, ఆపై బేరమాడుడు.