ఎండాకాలంలోనూ వణికించే ఊట: బార్టన్ స్ప్రింగ్స్ విశేషాలు

టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో నడివేసవి ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు కూడా బార్టన్ స్ప్రింగ్స్ ఈతకొలనులో నీళ్లు 20, 21 డిగ్రీల దగ్గరే ఉంటాయి. చలికాలంలోనూ అంతే. మహానంది కోనేట్లో మునిగినవాళ్లకు ఇది వింతగా తోచదు.

1837లో ఇక్కడ కాపురం పెట్టిన విలియం బార్టన్ పేరే ఈ ఊటలకు స్థిరపడింది. ఆయన మాత్రం వాటికి తన కూతుళ్ల పేర్లు పెట్టుకున్నాడు. పెద్ద ఊట పార్థీనియా, పక్కది ఎలైజా.

కొలను దాదాపు మూడెకరాలు. వాగుకు ఆనకట్టలు వేసి ఊటనీటిని నిలిపారు. వాన నీరు ఎగువ వాగుల్లో సున్నపురాతి పగుళ్ల గుండా ఇంకి, భూగర్భంలో ప్రయాణించి ఇక్కడ పైకి ఉబుకుతుంది. ఎక్కడో మైళ్ల అవతల ఇంకే నీళ్లలో రంగు కలిపి చూస్తే, కొద్ది రోజుల్లోనే ఆ రంగు ఊటలో తేలింది. ఎగువన నేలమీద పడ్డ మురికీ అంతే వేగంగా రాగలదు. అందుకే ఎగువన సుమారు 4,000 ఎకరాల్లో కట్టడాలు తలపెట్టినప్పుడు ఊరు ఊరంతా కదిలింది. 1990 జూన్ 7న నగర కౌన్సిల్ ముందు మాట్లాడతామని 800 మందికి పైగా పేర్లిచ్చారు. విచారణ తెల్లవార్లూ సాగింది. చివరికి కౌన్సిల్ ఆ ప్రతిపాదనను తోసిపుచ్చింది. రెండేళ్లకు ఊటల రక్షణ చట్టాన్ని ప్రజలే ఓటేసి తెచ్చుకున్నారు. ప్రజాస్వామ్యం అంటే నాకు గుర్తొచ్చే రాత్రుల్లో ఆ విచారణ రాత్రి ఒకటి.

ఈ నీళ్లు అందరివీ కావడానికి మరో పోరాటం జరగాల్సి వచ్చింది. 1960లో జోన్ మీన్స్ అనే నల్లజాతి హైస్కూలు విద్యార్థిని, తమను దిగనివ్వని ఈ కొలనులోకి దూకేసింది. ఆ వేసవిలో ఎందరో ఆమె బాట పట్టారు. 1962లో నిషేధం తొలగింది.

హాలీవుడ్ నటుడు రాబర్ట్ రెడ్‌ఫర్డ్ అయిదేళ్ల వయసులో ఈత నేర్చింది ఇక్కడే.

కొలనులో అసలు కాపురస్తులు బార్టన్ స్ప్రింగ్స్ సాలమాండర్లు అనే ఉభయచరాలు. వేలెడంత ఉంటాయి. తలకు రెండు పక్కలా కుచ్చుల్లా మొప్పలు వేలాడుతుంటాయి. పెద్దయినా అవి రాలిపోవు. ఇవి ఈ చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరెక్కడా లేవు. 1997లో వీటిని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు. నీళ్లలో క్లోరిన్ కలపరు. గురువారాలు కొలను మూసి పాచి తోముతారు. అప్పుడైనా నీళ్లు మొత్తం దించేయడానికి లేదు, సాలమాండర్లుండే ఊటలు ఎండకూడదు కదా!