బీపీ లెక్కల్లో మన వాడ ఎక్కడ?

ఆరోగ్యశ్రీ గుండె ఆపరేషన్‌కు పనికొస్తుంది. ఆపరేషన్ దాకా రాకుండా కాపాడే బీపీ మాత్ర కొందామని మందుల షాపుకు వెళ్తే మాత్రం ఆ కార్డు చెల్లదు. 2007లో మొదలైన ఈ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక అయ్యే ఖర్చునే భరిస్తుంది. బీపీ, షుగర్‌లకు మాత్రం ఏళ్ల తరబడి మందు వాడాలి. పీహెచ్‌సీలో అది లేకపోతే కూలి డబ్బుల్లోంచి కొనాలి, లేదంటే మానేయాలి. మానేస్తే పక్షవాతం, కిడ్నీ జబ్బుల ముప్పు పెరుగుతుంది.

మందు మానేసిన మనిషి సంగతి వ్యవస్థకు ఎలా తెలుస్తుంది? డేటా అవసరం ఇక్కడే. కేంద్ర ఆరోగ్య శాఖ, ఐసీఎంఆర్, ప్రపంచ ఆరోగ్య సంస్థ రాష్ట్రాలతో కలిసి 2017లో భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టాయి. తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దాని పద్ధతి సులువే. నమోదైన ప్రతి ఒక్కరికీ ఒక కార్డో, యాప్‌లో ఒక రికార్డో ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ బీపీ ఎంతుందో, ఏ మందు ఇచ్చారో రాస్తారు. మూడు నెలలకోసారి రెండు లెక్కలు తీస్తారు: ఎంతమందికి బీపీ 140/90 లోపు ఉంది? ఎంతమంది అసలు రాలేదు? రానివారిని ఫోన్ చేసో, ఇంటికెళ్లో మళ్లీ పిలవాలి. రోగులెందరో తెలిస్తే మాత్రలు అయిపోకముందే ఇండెంట్ పెట్టొచ్చు. ఒకేసారి నెలకు సరిపడా ఇస్తే దారి ఖర్చూ, పోయే కూలీ మిగులుతాయి.

అయితే సగటు చాలా దాస్తుంది. ఒక మండలంలో నూటికి 60 మందికి బీపీ అదుపులో ఉందనుకుందాం. మిగతా 40 మంది ఎవరు? ఊళ్లోవాళ్లా, వాడలోవాళ్లా? వలసపోయినవాళ్లా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే బీపీ కొలుస్తుంది, కులమూ అడుగుతుంది. కానీ అది కొన్నేళ్లకోసారి జరిగే నమూనా సర్వే. మన పీహెచ్‌సీ కింద ఏ వాడ వెనకబడిందో అది చెప్పదు.

అందుకని ప్రతి రోగి కులాన్నీ యాప్‌లో ఎక్కించమని అడగనక్కర్లేదు. అది వివక్షకు మరో దారి కావచ్చు. పేర్లు లేకుండా ఆవాసాల వారీగా మొత్తాలు తీస్తే చాలు. 14 అంకెల ఆభా నంబరు తీసుకోవడం కూడా స్వచ్ఛందమే. అది లేదని వైద్యం నిరాకరించకూడదు.

విద్యార్థులు, కార్యకర్తలు సమాచార హక్కు చట్టం కింద తమ పీహెచ్‌సీని మూడు సంగతులు అడగొచ్చు: ఏ ఆవాసంలో ఎందరు నమోదయ్యారు? గత మూడు నెలల్లో ఎందరు రాలేదు? బీపీ, షుగర్ మందులు ఎన్ని రోజులు స్టాకు లేవు? ఆ జవాబులు పట్టుకుని గ్రామసభకు వెళ్దాం. మందు మానేసింది మన నిర్లక్ష్యం వల్లో, మందు లేకనో అక్కడ తేలుతుంది.